వాకీటాకీ కొనేటప్పుడు కిలోమీటర్లు కాదు, ఫ్రీక్వెన్సీ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీక మాసం వచ్చిందంటే చాలు, మన విజయవాడ, గుంటూరు నుంచి నాలుగైదు కార్లలో శ్రీశైలం బయల్దేరే బ్యాచ్‌లు ఎక్కువైపోతాయి. చలికాలం అరకు, మారేడుమిల్లి, ఆదివారం పొద్దున్నే సూర్యలంక మామూలే. ఈ బ్యాచ్‌లలో ఇప్పుడు కారుకొక వాకీటాకీ పెట్టుకోవడం అలవాటవుతోంది. మంచి అలవాటే, నేనూ వాడతాను. కానీ కొనేవాళ్లు ఏం కొంటున్నారో చూసుకోవడం లేదు, అమ్మేవాళ్లు అడిగినా చెప్పడం లేదు. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ అమ్మేవాళ్ల గురించే.

ఫోన్లున్నాయిగా మళ్లీ ఇదెందుకని చాలామంది అంటారు. హైవే మీద అయితే నిజమే, గ్రూప్ కాల్ పెట్టుకుంటే గుంటూరు దాకా హాయిగా మాట్లాడుకుంటూ పోవచ్చు. అదే వినుకొండ, మార్కాపురం దాటి దోర్నాల నుంచి నల్లమల ఘాట్ ఎక్కారనుకోండి, చాలా చోట్ల ఫోన్‌లో సిగ్నల్ గీతలే ఉండవు. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే దారి కూడా అంతే. వెనక కారుకి పంక్చరైందన్న సంగతి ముందు కారుకి తెలిసేసరికి వాళ్లు ఏ ఇరవై కిలోమీటర్లో వెళ్లిపోయుంటారు. అడవి దాకా ఎందుకు, కాజ టోల్‌గేటు దగ్గర ఒక కారు ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక ఆగిపోయినా, ఆ మాట మిగతావాళ్లకి ఫోన్ కంటే ఒక్క బటన్ నొక్కుడుతో తొందరగా చేరుతుంది.

ఇక కొట్ల సంగతి. ఏలూరు రోడ్డు వైపు ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో సెట్లు చూపించమంటే, కౌంటర్ దగ్గర కుర్రాడు నల్లటి చైనా సెట్టు ఒకటి తీసి, యాంటెన్నా బిగించి, నంబర్లు టకటకా నొక్కి, "సార్, ఇందులో అన్ని ఫ్రీక్వెన్సీలూ వస్తాయి, పోలీసోళ్లవి కూడా వినొచ్చు, పది కిలోమీటర్లు గ్యారంటీ" అన్నాడు. దాన్ని గొప్పగా చెబుతున్నాడు! లైసెన్సు సంగతేంటి బాబూ అంటే "అవన్నీ ఎవరు చూస్తారు సార్" అని నవ్వేశాడు. పెట్టె మీద చూస్తే 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ అని ఉంది. ఇది లైసెన్సు లేకుండా మామూలు జనం వాడుకునే సెట్టు కాదు. ఆ పరిధిలో పోలీసు వైర్‌లెస్ ఉంటుంది, ఇంకా ఎన్నో సర్వీసులు ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజుల్లాంటి సమయంలో సహాయక సిబ్బంది మాటల మీద మన "టిఫిన్‌కి ఎక్కడ ఆగుదాం" పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్లు వాడుకోవడానికి 2018 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చిన్న ముక్కని వదిలారు. ఆ ముక్కలోనే పనిచేసేలా తయారైన సెట్టు, దానికి టెలికాం శాఖ వారి ఈటీఏ సర్టిఫికెట్ (అంటే ఆ రకం పరికరానికి ఇచ్చే ఆమోదం), ఈ రెండూ ఉంటే ఎవరి భయమూ అక్కర్లేదు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర సిటిజన్ బ్యాండ్ అని ఇంకొకటి కూడా ఉంది, కానీ దానికి సరైన పావు తరంగం యాంటెన్నా, అంటే తరంగం పొడవులో నాలుగో వంతుండేది, కావాలంటే రెండు ముప్పావు మీటర్ల పొడవుంటుంది, మన కార్లకి అది జరిగే పని కాదు. అదే లెక్కన 446కి జానెడు యాంటెన్నా చాలు.

మన జిల్లాల్లో ఇంకో తిప్పలుంది. ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కదా, వచ్చేటప్పుడు అక్కడి నుంచి జత సెట్లు తెస్తారు. బావగారు ప్రేమగా తెచ్చారు కాబట్టి కాదనలేం. కానీ అక్కడ జనం వాడుకునే ఫ్యామిలీ రేడియోలు 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అక్కడ వాటికి లైసెన్సు అక్కర్లేదు, ఇక్కడ ఆ మినహాయింపు లేదు. వాటిని అటకెక్కించడమే మంచిది. హామ్ రేడియో, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల లైసెన్సు, ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు పరీక్ష రాసి తెచ్చుకుంటారు. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు, ఆసక్తి ఉన్న పిల్లలుంటే రాయించండి కూడా. అయితే ఆ లైసెన్సు ఆ మనిషికే. ఒక కారులో హామ్ ఉన్నాడని మిగతా నాలుగు కార్లూ ఆ బ్యాండ్‌లో మాట్లాడేస్తామంటే కుదరదు.

ఈ 446 సెట్ల శక్తి అర వాటే, అదేం సరిపోతుందండీ అని మా బ్యాచ్‌లోనే గొడవ. అర వాటు సెట్టుకైనా ఐదు వాట్ల సెట్టుకైనా కొండ అడ్డొస్తే గెలిచేది కొండే. ఈ ఫ్రీక్వెన్సీలో తరంగాలు దాదాపు కంటికి ఎదురుగా ఉన్నంత మేరే పోతాయి. పెట్టె మీద రాసే పది, పదిహేను కిలోమీటర్లు ఒక గుట్ట మీద నుంచి ఇంకో గుట్ట మీదికి కొలిచినవి అనుకోవాలి. కారులో కూర్చుని, చుట్టూ ఇనుప రేకు పెట్టుకుని మాట్లాడితే, ఎదురుగా ఏ అడ్డూ లేని రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్లు వస్తే గొప్ప, బెంజి సర్కిల్ లాంటి చోట అదీ రాదు. కాన్వాయ్‌కి అంతకంటే ఎందుకు? అంతకు మించి దూరమయ్యారంటే ముందువాడు స్పీడు తగ్గించాలి. ఘాట్‌లో మలుపుల దగ్గర మొదటి కారు మాట చివరి కారుకి వినపడకపోతే మధ్య కారులో వాళ్లు అందుకుని వెనక్కి చెప్పాలి. మేము బయల్దేరే ముందే మధ్య కారుకి ఆ పని అప్పజెబుతాం, కాస్త వాగుడు ఎక్కువున్న వాళ్లని అందులో కూర్చోబెడతాం.

సెట్టుని గేరు పక్కన కప్ హోల్డర్‌లో పడేసి వినపడట్లేదని తిడతారు చాలామంది. కిటికీ అద్దం దగ్గర యాంటెన్నా నిలువుగా ఉండేలా పట్టుకుంటే అదే సెట్టు ఎంతో మెరుగ్గా పనిచేస్తుంది. వాక్స్ అని, బటన్ నొక్కకుండా గొంతు వినగానే దానంతటదే ఆన్ అయ్యే సదుపాయం గురించి షాపువాళ్లు ఊదరగొడతారు. కారులో దాన్ని ఆపేయండి, ఏసీ హోరుకీ వెనక సీట్లో పిల్లల గోలకీ అది ఆన్ అయిపోయి, ఒక కారులో పాటలు ఐదు కార్లూ వినాల్సి వస్తుంది, మధ్యలో ఇంకెవరికీ మాట్లాడే సందు దొరకదు. ప్రైవసీ కోడ్ అని రాసి ఉంటుంది, దాని వల్ల మీ మాటలు రహస్యం ఏమీ అయిపోవు. వేరేవాళ్ల గోల మీ స్పీకర్లో రాకుండా ఆపుతుంది, అంతే. ఇద్దరు రెండు కంపెనీల సెట్లు కొన్నప్పుడు కోడ్ నంబరు ఒకటే పెట్టినా కలవకపోవచ్చు, ఎందుకంటే ఆ నంబర్ల పట్టిక అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండదు. మాన్యువల్ తీసి 67.0, 88.5 అని హెర్ట్జ్‌లలో ఉండే అంకె చూసి కలపాలి. లేదా అందరూ ఒకే మోడల్ కొంటే ఈ టెన్షనే ఉండదు. ఛార్జింగ్ కూడా ఫోన్ కేబుల్‌తో ఎక్కేదైతే మేలు. మే నెల మన ఎండల్లో మాత్రం సెట్టు డాష్‌బోర్డు మీద వదిలి దిగకండి, బ్యాటరీ ఉబ్బుతుంది.

ఇంకో మాట, డ్రైవర్ చేతికి సెట్టు ఇవ్వొద్దు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ బండి నడుపుతూ చేత్తో పట్టుకుని మాట్లాడే పరికరం వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్కగడుతుంది, అక్కడ ఫోన్ అని మాత్రమే లేదు. పక్క సీట్లో వాళ్లే మాట్లాడాలి.

2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. వాకీటాకీ అమ్మే వెబ్‌సైట్లు ఫ్రీక్వెన్సీ ఎంతో, లైసెన్సు కావాలో వద్దో, ఈటీఏ ఉందో లేదో స్పష్టంగా చూపించాలి. సంతోషం. మరి మా ఊరి కౌంటర్ మీద అమ్మే సెట్టు మాటేమిటి? సంబంధిత అధికారులు ఒక్కసారి బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు, గుంటూరు బ్రాడీపేట వైపు నడిచి చూస్తే చాలు, ఏ కొట్లో ఏం అమ్ముతున్నారో అద్దాల అల్మరాలోనే కనిపిస్తుంది. కొన్న పాపానికి రేపు ఏ చెక్‌పోస్టు దగ్గరో సెట్టు లాక్కుని ప్రశ్నలు వేసేది కొన్నవాడినే గానీ అమ్మినవాడిని కాదు కదా. ఆన్‌లైన్‌లో చూపించమన్న వివరాలే కొట్లో కూడా రాసి పెట్టాలని, బిల్లు మీద ఫ్రీక్వెన్సీ వేసి ఇవ్వాలని నిబంధన తేవాలి. అది వచ్చేదాకా కొనేవాళ్లే బిల్లు మీద 446 అని రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర సెట్టు కొనకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ.