బటన్లకూ పేర్లు ఉండాలి

అయ్యా,

చూపు లేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో వాడుకుంటారు. తెరపై ఉన్న అక్షరాలను అది చదివి వినిపిస్తుంది. అయితే వెబ్‌సైట్ తయారుచేసినవారు బటన్‌కు పేరు రాయకుండా బొమ్మ మాత్రమే పెట్టి వదిలేస్తే, అది 'బటన్, బటన్' అని ఊరుకుంటుంది. ఏది నొక్కితే దరఖాస్తు వెళ్తుందో, ఏది నొక్కితే రద్దవుతుందో వినేవారికి తెలిసే దారి లేదు. చూపు లేని నా మిత్రుడొకరు ఇటీవల ఒక దరఖాస్తును గంటసేపు ఓపికగా నింపి, చివర వంకర అక్షరాల క్యాప్చా (నింపుతున్నది మనిషో యంత్రమో తేల్చే పరీక్ష) దగ్గర ఆగిపోయారు. దాన్ని విని పూర్తిచేసే వీలు లేకపోవడంతో, పక్కింటి కుర్రాణ్ణి పిలిచి తన వివరాలన్నీ అతని ముందు పెట్టవలసి వచ్చింది.

వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఈ విషయంలో తొలి మార్గదర్శకాలను 1999లోనే వెలువరించింది, 2023లో 2.2 వెర్షన్ కూడా వచ్చింది. మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్టు, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలనీ, మౌస్ పట్టలేనివారు కీబోర్డుతోనే పని ముగించుకోగలగాలనీ అందులో ఉంది. (లేత బూడిద రంగు అక్షరాల మోజు ఎవరు మొదలుపెట్టారో గానీ, చత్వారం వచ్చిన నాబోటివారినీ అది వదలడం లేదు.)

ఆటోమేటిక్ పరీక్షలు బొమ్మకు వివరణ ఉందో లేదో చెప్పగలవు గానీ, ఆ వివరణ వినేవారికి అర్థమవుతుందో లేదో తేల్చలేవు. కనుక విడుదలకు ముందే దివ్యాంగులైన వాడుకరుల చేత, తగిన పారితోషికం ఇచ్చి, పరీక్ష చేయించాలన్న షరతును ఒప్పంద పత్రంలోనే రాయించవలసిందిగా వెబ్‌సైట్లు తయారుచేయించుకునే సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు