మీ హోండా సిటీ కారులో నేను వేసిన ఇగ్నిషన్ కాయిల్స్ గురించి

ఈ మార్చి నుంచి మే దాకా మా షెడ్డులో కాయిల్స్ (ఇంజిన్‌లో ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) మార్పించుకున్న పాత హోండా సిటీ ఓనర్లకి ఇది రాస్తున్నాను. మిగతా కస్టమర్లు కూడా చదవండి, ఇకమీదట కాయిల్స్ విషయంలో మా పద్ధతి మారుతోంది.

ముందు అసలు సంగతి. ఆ మూడు నెలల్లో తొమ్మిది కార్లకి 52 కాయిల్స్ వేశాను. ఆ సరుకు మంచిది కాదు. మూడు కార్లు ఇప్పటికే దారిలో ఇబ్బంది పెట్టాయి. మిగతా ఆరు బాగానే తిరుగుతున్నా వాటిలోవి కూడా తీసేయాల్సిందే. ఖర్చు మొత్తం నాది.

మొదట తెలిసింది మాస్టారి కారుతో. ఏలూరులో మనవరాలి ఓణీల ఫంక్షన్‌కని మాస్టారు, అమ్మగారు ఇద్దరూ పొద్దున్నే బయల్దేరారు. హనుమాన్ జంక్షన్ దగ్గర కారు ఊగడం మొదలైంది, పికప్ పోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది. మే నెల ఎండలో అమ్మగారు పట్టుచీరతో రోడ్డు పక్కన నిలబడి, చివరికి బస్సెక్కి వెళ్లారు. మాస్టారు ఫోన్ చేసి ఒక్క మాట కూడా అనలేదు. "బాబూ, కారు ఇక్కడ పెట్టాను, వీలైనప్పుడు చూడు" అన్నారంతే. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

కుర్రాణ్ణి తీసుకుని నేనే వెళ్లాను. స్కానర్ పెడితే పీ0303, అంటే మూడో సిలిండర్ మిస్సింగ్, అందులో పెట్రోలు సరిగ్గా మండడం లేదు. ఈ కారు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. 2003 నుంచి 2008 దాకా వచ్చిన సిటీలో ఐ-డీఎస్ఐ ఇంజిన్‌కి సిలిండర్లు నాలుగే అయినా ప్లగ్గులు ఎనిమిది, కాయిల్స్ ఎనిమిది. ఒక్కో సిలిండర్‌కి ముందొకటి, వెనకొకటి. అందుకే ఒక కాయిల్ పోయినా రెండోది లాక్కొస్తుంది. కొంచెం జెర్క్, కొంచెం మైలేజీ తగ్గడం తప్ప ఏమీ తెలియదు, చాలాసార్లు లైటు కూడా రాదు. మాస్టారి కారులో మూడో సిలిండర్‌కి ముందూ వెనకా రెండూ పోయాయి. రెండూ నేను వేసి రెండు నెలలైనా కాలేదు.

షెడ్డుకి తెచ్చాక ఆ పోయిన వాటిలో ఒక కాయిల్‌ని బ్లేడుతో నిలువునా కోయించాను. పక్కనే పాత ఒరిజినల్ ఒకటి కోసి పెట్టాను. కాయిల్ పని 12 వోల్టుల కరెంటుని ఇరవై ముప్పై వేల వోల్టులకి పెంచి ప్లగ్గుకి ఇవ్వడం. లోపల లావు తీగ కొన్ని వందల చుట్లు, దాని మీద వెంట్రుకంత సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. ఆ చుట్ల మధ్య ఖాళీ లేకుండా రెజిన్ పోస్తారు. ఒరిజినల్‌లో ఆ రెజిన్ రాయిలా గట్టిగా, ఎక్కడా సందు లేకుండా ఉంది. నేను వేసినదాంట్లో మినపగారెలో చిల్లుల్లా గాలి బుడగలు. ఒక బుడగ పక్కన తీగ నల్లగా మాడింది. కింద రబ్బరు బూటు మీద పెన్సిల్‌తో గీసినట్టు ఒక సన్నని నల్ల గీత. కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ గీత వెంట ఇంజిన్ బాడీకి పారిపోతోంది. చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది, వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. ఇంజిన్ ఆపి గంట ఆగితే మళ్లీ మామూలే. రెండో కారు ఓనరు గారు రెండుసార్లు వచ్చినప్పుడు నాకు తప్పు దొరకకపోవడానికి కారణం ఇదే. "అంతా బాగానే ఉంది సార్" అని పంపించేశాను. ఆయనకి ఇక్కడే క్షమాపణ చెబుతున్నాను.

ఇక సప్లయర్. ఈ మనిషి దగ్గర పదకొండేళ్లుగా సరుకు తీసుకుంటున్నాను. ఏనాడూ బాకీ పెట్టలేదు. ఫిబ్రవరిలో ఆయనే ఫోన్ చేసి, "అన్నా, కంపెనీకి చేసేవాళ్లే చేస్తారు, డబ్బా ఒక్కటే వేరు" అన్నాడు. ధర ఒరిజినల్‌లో మూడో వంతు. ఎనిమిది ఒరిజినల్ కాయిల్స్ రేటు చెబితే "ఈ కారు అమ్మితే ఎంతొస్తుందో తెలుసా?" అని మీలో చాలామంది నన్నే అడిగారు. పదిహేనేళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని మరీ ఉంచుకున్న కార్లు ఇవి. మీకు తక్కువలో అయిపోతుందని ఒప్పుకున్నాను. తక్కువలో అవుతుందని ఒప్పుకున్నానే గానీ, డూప్లికేట్ అని తెలిసి ఒప్పుకోలేదు. ఈ తేడా నాకు ముఖ్యం.

మాస్టారి కారు తర్వాత ఫోన్ చేస్తే మూడు రోజులు ఎత్తలేదు. నాలుగో రోజు ఎత్తి "చూస్తానన్నా" అన్నాడు. వారం తర్వాత "బ్యాచ్ అంతా బాగుంది, మీ ఫిట్టింగ్‌లో లోపం" అన్నాడు. ఒక కాయిల్‌కి ఒక పది నంబర్ బోల్టు, ఒక ప్లగ్ పాయింటు, అంతే. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్న వాడికి ఫిట్టింగ్ రాదట. కోసిన ముక్కల ఫోటోలు పంపాను. చూశాడు, జవాబివ్వలేదు. పాడైన ఏడింటినీ పార్సిల్‌లో పంపితే ఆ ఏడింటికే క్రెడిట్ నోట్ రాశాడు, అంటే ఆ డబ్బుకి మళ్లీ ఆయన దగ్గరే కొనాలి. ఆ కాగితం వెనక్కి పంపేశాను. మిగతా 45 ఇప్పుడు నా బీరువాలో ఒక డబ్బాలో చేరుతున్నాయి. ఎవరికీ అమ్మను, ఎవరి కారులోనూ వేయను. ఆయన రేపు వచ్చి కాళ్లు పట్టుకున్నా ఆ కొట్టు నుంచి ఒక్క బల్బు కూడా కొనను.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఆయన కాదు. మా నాన్నకి ఒక పట్టు ఉండేది, తీసిన పాత సామాను ఓనరుకి చూపించాలని. అందుకని ప్రతి కారు నుంచి తీసిన కాయిల్స్‌ని కారు నంబరు రాసి టేపు చుట్టి గోతంలో వేస్తాం. ఆ గోతం కింద కుమ్మరించి చూస్తే మీ 52 పాత కాయిల్సూ ఉన్నాయి. తమ్ముడి సిటీ ఒకటి తెచ్చి, అదే సిలిండర్‌కి రెండో కాయిల్ పాయింటు పీకేసి, పరీక్షించే కాయిల్ ఒక్కదాని మీదే సిలిండర్ నడిచేట్టు చేశాను. ఏసీ వేసి, ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కించి, స్కానర్‌లో మిస్సింగ్ లెక్క చూశాను. ముందువి వెనక, వెనకవి ముందు పనికిరావు కాబట్టి పని ఇంకా పెరిగింది. పదకొండు రాత్రులు పట్టింది.

52లో నిజంగా పోయినవి 13. మిగతా 39 నిక్షేపంగా ఉన్నాయి. అంటే "ఒకటి పోయిందంటే మిగతావీ వరసలో ఉన్నాయి, సెట్ మార్చేద్దాం సార్" అని నేను మీకు చెప్పిన సలహాతోనే బాగున్న ఒరిజినల్స్ తీసి నాసిరకం పెట్టాను. సరుకు చెడ్డది కావడం సప్లయర్ తప్పు. ఈ సలహా నాది.

ఆ ఆరుగురికి ఫోన్ చేయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. తమ్ముడు వద్దన్నాడు. "నడుస్తున్న కారు ఓనర్ని పిలిచి నేను తప్పు చేశానంటావా? ఆటోనగర్ అంతా పాకుతుంది" అన్నాడు. వాడి భయంలో తప్పు లేదు. కానీ ఆ ఆరుగురిలో ఎవరైనా రాత్రిపూట పిల్లలతో హైవే మీద ఉండగా రెండు కాయిల్స్ ఒకేసారి పోతే? పైగా మిస్సింగ్‌తో తిప్పితే కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, అది కాయిల్స్ కంటే పెద్ద ఖర్చు. ఫోన్ చేశాను.

చేస్తున్నది ఇది. మీ పాత కాయిల్స్‌లో బాగున్నవి మీ కారుకే తిరిగి వేస్తాను. పోయిన వాటి బదులు షోరూమ్ బిల్లుతో కొత్త ఒరిజినల్ వేసి, బిల్లు మీ చేతికిస్తాను. కాయిల్స్‌కని మీరిచ్చిన డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను, ఈ పనికి లేబర్ తీసుకోను. "పర్లేదు, ఉంచుకో" అని ఇద్దరన్నారు. ఒప్పుకోను, దయచేసి అడగొద్దు.

ఇకమీదట పోయిన కాయిల్ ఒక్కటే మారుస్తాను, అది కూడా వేడి మీద పరీక్షించి మీకు చూపించాకే. కాయిల్ ఒరిజినలే. ఆర్డర్ పెట్టి నాలుగు రోజులు ఆగాల్సి వస్తే ఆగుదాం. అంత డబ్బు ఇప్పుడు కుదరదనేవాళ్లకి, తుక్కుకి వెళ్లిన కారు నుంచి తీసిన ఒరిజినల్‌ని పరీక్షించి, పాతదని బిల్లు మీద రాసి వేస్తాను. పాత సామాను వేయడం మా నాన్నకి అస్సలు నచ్చేది కాదు. ఆ లోపలి బుడగలు చూశాక, పేరు తెలియని కొత్తదానికంటే ఇదే నయమని నాకు అనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో కొని తెచ్చినవి మాత్రం వేయను.

ప్లగ్గులు మాత్రం ఎనిమిదీ మార్చాలి. అరిగిన ప్లగ్గు గ్యాప్ పెరిగి కాయిల్ మీద భారం వేస్తుంది, మంచి కాయిల్ కూడా అలాగే చస్తుంది. వెనక నాలుగు తీయాలంటే వైపర్లు, వాటి కింద ప్లాస్టిక్ తట్ట విప్పాలి కాబట్టి చాలాచోట్ల ముందు నాలుగే మార్చి పంపిస్తారు. అలా చేయమంటే నేను చేయను. వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ లోపల ప్రెషర్ నీళ్లు కొట్టనివ్వకండి. టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ దగ్గర ఆయిల్ కారుతుంటే ముందు అది చూపించండి, ఆయిల్ తగిలితే కాయిల్ రబ్బరు ఉబ్బిపోతుంది.

తొమ్మిదిలో ఏడు కార్ల పని అయిపోయింది. మాస్టారి కారు మళ్లీ ఏలూరు వెళ్లొచ్చింది. ఎనిమిదోది ఈ ఆదివారం వస్తోంది. తొమ్మిదో కారు వెండి రంగు సిటీ, మార్చి చివర్లో గుంటూరు నుంచి వచ్చారు, వెనక సీట్లో చిన్నపాప నిద్రపోతోంది. బిల్లు మీద రాసిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. మీ పాత కాయిల్స్ ఎనిమిదీ టేపు చుట్టి బల్ల మీద పెట్టాను, అందులో ఆరు బాగున్నాయి, రెండు కొత్తవి తెప్పించి ఉంచాను. ఇది చూస్తే ఎప్పుడైనా సరే వచ్చేయండి, రాత్రి పదింటి దాకా షెడ్డులోనే ఉంటాను.