అడ్రసు తప్పిన పార్శిలు

ఒరేయ్ సూరీ,

నీ పార్శిలు నిన్న చేరింది. పద్దెనిమిది రోజులు పట్టింది. తప్పు పోస్టు వాళ్ళది కాదు, నీదే. పిన్ నంబరు మాది వేసి, కింద జిల్లా శ్రీకాకుళం అని రాస్తే అది ఎటు పోవాలిరా? పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ఏరొక్కటే అడ్డం, నిజమే. కానీ పోస్టు సంచులు వేరు, రాష్ట్రాలు వేరు, మాది ఒడిశా. 1992లోనే గంజాం నుంచి విడదీసి మాది గజపతి జిల్లా చేశారు. ముప్పై ఏళ్ళు దాటినా నీ బుర్రకెక్కలేదు.

ఈలోగా అక్కకి జుట్టు మొలిచేసింది! నువ్వు పంపిన ఆ నూలు స్కార్ఫుని తలమీద పెట్టుకుని అద్దంలో చూసుకుని, "గుండు మీదున్నప్పుడు రావాల్సిందిరా ఇది" అని ఒకటే నవ్వు.

మొన్న ఫోన్లో అడిగావు కదా, "క్యాన్సర్ మందు ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారంటావు, జుట్టెలా వస్తోంది మరి?" అని. అది ఫోన్లో తెమిలే సంగతి కాదు. ఇరవై రెండేళ్ళుగా మందుల షాపులో కూర్చుంటున్నాను, నాకే సగం ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

మొదటి నాలుగుసార్లు ఇచ్చిన దాంట్లో ముఖ్యమైనది డాక్సోరుబిసిన్. రస్నా రంగులో ఎర్రగా ఉంటుంది. సిస్టర్ దాన్ని పెద్ద సిరంజిలోకి తీసి, సెలైన్ పారుతుండగానే కొంచెం కొంచెంగా నెట్టింది. కళ్ళు సిరంజి మీద కాదు, అక్క చేతి నరం మీద. ఒక్క చుక్క నరం బయటకి కారితే అక్కడి కండ చచ్చిపోతుంది మరి. ఆ సాయంత్రం లాడ్జిలో బాత్రూమ్ లోంచి అక్క కేక: ఒంటేలు ఎర్రగా వస్తోందని. అది రక్తం కాదు, మందు రంగే. ముందే చెప్పాల్సినవాణ్ణి, మర్చిపోయాను. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మూడో వారానికి దువ్వెన నిండా జుట్టు.

ఆ మందుకి ఇల్లూ వాకిలీ తెలియదు. వేగంగా పెరిగే కణం ఏది దొరికితే దాన్ని కొడుతుంది. కంతైనా ఒకటే, జుట్టు కుదురైనా ఒకటే, నోట్లో పొరైనా ఒకటే. మొత్తం మోతాదు హద్దు దాటితే గుండెకీ ప్రమాదం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిన మందులూ ఈ రకమే. వాటితోనే 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి మొదటిసారి కొన్నాళ్ళ ఊరట చూపించాడు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ని కీళ్ళవాతానికి చిన్న మోతాదులో నేను రోజూ అమ్ముతాను. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదకొస్తుంది. అందుకని ప్రతి స్ట్రిప్పు మీదా ఎర్ర పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాసి గానీ ఇవ్వను.

కాబట్టి విషం పాతదే. కొత్తగా కనిపెట్టిందల్లా దాన్ని మూటగట్టే పద్ధతీ, చేర్చే దారీ. అదే డాక్సోరుబిసిన్‌ని సన్నటి కొవ్వు బుడగలో పెట్టి 1995లో అమెరికాలో అమ్మకానికి తెచ్చారు. కంతిలో రక్తనాళాలు హడావిడిగా కట్టిన గోడల్లాంటివి, సందులుంటాయి. బుడగలు ఆ సందుల్లోంచి లోపలికి జారతాయని లెక్క. గుండెకి దెబ్బ తగ్గింది. కానీ అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి పొరలూడటం మొదలైంది. సందు చూసుకుని దూరడమే తప్ప పేరు చదివి తలుపు తట్టడం కాదు కదా అది.

పేరు చదివే మందు అక్కకి ఇప్పుడు ఎక్కిస్తున్నది. బయాప్సీ రిపోర్టులో హెర్‌టూ త్రీ ప్లస్ అని వచ్చింది. రొమ్ము క్యాన్సర్లలో ఐదింట ఒకటి, అంతకన్నా కొంచెం తక్కువ, ఈ రకం. కణం ఒంటిమీద హెర్‌టూ అనే ప్రోటీన్ మామూలుగా వేలల్లో ఉంటే, ఈ కంతుల్లో లక్షల్లో మొలుస్తుంది. దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్, 1998లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత కూడా కొంచెం మిగిలిందని ఇప్పుడు ఇస్తున్నది ఆ యాంటీబాడీకే విషం కట్టిన మందు, ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్. సగటున ఒక్కో యాంటీబాడీకి మూడు నాలుగు విషపు అణువులు వేలాడుతుంటాయి.

ఆ విషం కథ విను. ఇథియోపియాలో ఒక పొద నుంచి తీసిన మేటాన్సిన్ దీనికి మూలం. దాన్ని విడిగా మనుషులకి ఇచ్చి చూస్తే భరించలేకపోయారు, పక్కన పడేశారు. దాని బంధువునే యాంటీబాడీకి కట్టాక 2013లో మందుగా వచ్చింది. అడ్రసు దొరికితే పనికిరాని విషం కూడా పనికొచ్చిందిరా! హెర్‌టూని పట్టుకున్న యాంటీబాడీని కణం తనే లోపలికి లాక్కుంటుంది. కడుపులో అరిగించుకోబోయి విషాన్ని విప్పేసుకుంటుంది. మన తంబలి గుర్తున్నాడా, బడి దగ్గర, జేబులో బొంగరం ఉందనుకుని తేలుని తీశాడు? అలా అన్నమాట.

అక్క జుట్టు బతికింది అందుకే. అలాగని సుఖమేం కాదు. ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఒకసారి వాయిదా వేశారు. లివర్ పరీక్ష ప్రతిసారీ. గుండెకి ఎకో కూడా చేస్తున్నారు. ఇంకో సంగతి, ఈ రెండు మందుల పేర్లూ కవల పిల్లల్లా ఉంటాయి, చివర ఒక్క మాటే తేడా. మోతాదు ఒకటి కిలోకి 6 మిల్లీగ్రాములైతే రెండోది 3.6. ఒకదాని బదులు ఒకటి ఎక్కితే కొంప మునుగుతుంది. ప్రతిసారీ నేనే సీసా మీద పేరు బయటకి చదివి, సిస్టర్ చేత కూడా చదివిస్తాను. వాళ్ళకి నేనంటే చిరాకు.

ఖర్చు అడగకు. 2021లో ఇక్కడి కంపెనీ బయోసిమిలర్, అంటే దానికి సాటి మందు, తెచ్చాక తగ్గింది కానీ మొత్తం పద్నాలుగు డోసులు, మూడు వారాలకొకటి. మొదట వెళ్ళిన ఆసుపత్రి కౌంటర్లో మా ఆరోగ్య కార్డు అటూ ఇటూ తిప్పి, "మీది ఒడిశా కదండీ" అని వెనక్కిచ్చేశారు. అక్క తెలుగులోనే, "జబ్బుకి మాత్రం ఏ రాష్ట్రమో తెలీదు బాబూ" అంది. నేను తల దించుకుని పొలం కాగితాల గురించి ఆలోచించాను.

నీ చెల్లెలు గుమ్మ వైపు ఏఎన్ఎమ్‌గా చేస్తోంది కదా, ఆవిడనడిగితే అసలు సంగతంతా మోసుకుపోవడంలోనే ఉందంటుంది. టీకా పెట్టెలో నాలుగు ఐస్‌ప్యాకులు సర్దుకుని, బండి పోయినంత దూరం బండి మీద, ఆ పైన కొండెక్కి సవర గూడేలకి పోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పెట్టె మూత ఎన్నిసార్లు తీసిందో లెక్క పెట్టుకుంటుంది. కోవిడ్‌కి వచ్చిన ఎమ్ఆర్‌ఎన్‌ఏ టీకాల్లో లోపలి సరుకు, అంటే ఏ ప్రోటీన్ చేయాలో కణానికి చెప్పే చీటీ, ఇంకా సున్నితం. విడిగా వదిలితే ఒంట్లో ఎంజైములు చింపి పారేస్తాయి. నాలుగు రకాల కొవ్వులతో చుట్టారు. కణం మింగాక లోపలి పులుపు తగిలి ఆ చుట్టు విచ్చుకుంటుంది. ఎమ్ఆర్‌ఎన్‌ఏని ఒళ్ళు తిప్పికొట్టకుండా మార్చినందుకే కరికో, వైస్‌మన్‌లకి 2023లో నోబెల్. తమాషా ఏంటంటే ఇలాంటి బుడగల్ని రక్తంలోకి వదిలితే ఎక్కువ భాగం కాలేయానికే పోతాయి, నువ్వు ఏం పంపినా పాతపట్నం పోయినట్టు. 2018లో వచ్చిన పటిసిరాన్ అనే మందు దాన్నే వాడుకుంది, దాని పని కాలేయంలోనే కాబట్టి.

అదే చుట్టులో ఇప్పుడు క్యాన్సర్ టీకా పెడుతున్నారు. కంతి తీసి, అందులో మారిపోయిన ముక్కల్లో 34 దాకా ఏరి, ఆ ఒక్క మనిషి కోసమే కుడతారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 157 మందిలో చూస్తే, ఒంటి రక్షణ బలాన్ని ఉసిగొలిపే మందు (ఇమ్యునోథెరపీ) ఒక్కటే తీసుకున్నవాళ్ళకన్నా టీకా కూడా తీసుకున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టే లేదా చనిపోయే ముప్పు 44 శాతం తగ్గింది. పెద్ద పరీక్షలు నడుస్తున్నాయి. అక్కకి చెబితే, "నా కొలతలకి జాకెట్టు కుట్టడానికే మన టైలరు మూడుసార్లు తిప్పాడు" అంది.

తొమ్మిదో డోసు వచ్చే శుక్రవారం. గుణుపూర్ నుంచి వచ్చే విశాఖ రైల్లో బయల్దేరతాం, వీలుంటే స్టేషనుకి రా. ఈ ఏడు ఆవకాయ అక్కే కలిపింది, కారం మాత్రం నోటికి తగలనివ్వదు, నోరు ఇంకా మంటే. నీ స్కార్ఫు వృథా పోలేదు. జాడీకి వాసెన కట్టేసింది.

నీ
రమణ