పాత ఫొటోల ఒరిజినల్స్‌కు ఇకపై లామినేషన్ చేయం

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా ఫొటో షాపుకు వచ్చే అందరికీ ఒక మాట. ఇవాళ్టి నుంచి పాత ఫొటోల ఒరిజినల్స్‌కు లామినేషన్ చేయం. కార్డులకు, జిరాక్సులకు మామూలుగానే చేస్తాం.

"నాన్నగారి ఫొటో ఇదొక్కటే ఉందన్నా, పాడవకుండా లామినేషన్ చేసెయ్" అని చాలామంది అడుగుతారు. ఒక్కటే ఉంది కాబట్టే చేయకూడదు. మెషిన్‌లో వంద డిగ్రీలు దాటిన వేడికి జిగురు కరిగి ఫొటోకు పట్టేస్తుంది. పాత ఫొటోలో బొమ్మంతా కాగితం మీదున్న పలుచని జెలటిన్ (జిగురులాంటి పదార్థం) పొరలోనే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా ప్లాస్టిక్ లాగితే ఆ పొర కూడా ఊడి వచ్చేస్తుంది. దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

దీనివల్ల మాకు గిరాకీ కొంత తగ్గుతుంది, తెలుసు. వేరే చోట చేయించుకుంటానంటే ఆపలేను. కానీ దయచేసి ముందు స్కాన్ చేయించండి.

మేం చేసేదేమిటంటే, ఒరిజినల్‌ను 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజుదైతే 1200లో స్కాన్ చేసి, క్వాలిటీ తగ్గని టిఫ్ ఫైల్ ఇస్తాం. దాన్ని కనీసం రెండు చోట్ల దాచుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. దండ వేసి గోడకు పెట్టుకోవడానికి కాపీ ప్రింట్ చాలు. ఒరిజినల్‌ను నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కడితే, వానాకాలం తేమకు జెలటిన్ మెత్తబడి అద్దానికే అంటుకుంటుంది. ఒరిజినల్‌ను పాలీప్రొపిలీన్ (పీపీ అనే ప్లాస్టిక్) కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. పీవీసీ కవర్లు, కలరా ఉండలు వద్దు. అటక మీద అసలే వద్దు, ఎండాకాలం స్లాబు కింద వేడి మామూలుగా ఉండదు.

డెబ్బైలు, ఎనభైల నాటి కలర్ ఫొటోలుంటే ముందు అవే తెండి. చీకట్లో దాచినా వాటి రంగులు వెలిసిపోతాయి. బ్లాక్ అండ్ వైట్‌వి వాటికంటే గట్టివి.

2020 అక్టోబరు వరదల్లో మన ఊళ్లో ఎన్నో ఇళ్లలో ఆల్బమ్‌లు తడిసిపోయాయి. అలా జరిగితే ఆల్బమ్‌ను ఎండలో పెట్టకండి, ముద్దగా ఆరనివ్వకండి. స్టూడియో ప్రింట్లయితే చల్లటి మంచినీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. వెంటనే కుదరకపోతే కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, టెన్షన్ పడకుండా తర్వాత చూసుకోవచ్చు. ఇంక్‌జెట్ ప్రింట్లను (సిరా చిమ్మే ప్రింటర్‌తో తీసినవి) మాత్రం నీళ్లలో ముంచొద్దు.

ఇప్పటికే లామినేషన్ అయిన ఫొటోలుంటే ప్లాస్టిక్ పీకకండి, అలాగే తెండి. మెరుపు పడకుండా లైట్లు పక్కలకు పెట్టి కెమెరాతో కాపీ తీసిస్తాం.