వూహాన్ నుంచి వాసుకి

చి॥ వాసుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం, అక్క, బావగారు, పిల్లలు అందరం క్షేమం. నువ్వూ క్షేమంగానే ఉన్నావని తలుస్తున్నాం. ఉగాది తర్వాత నీ గొంతు వినలేదు. ఇక్కడ వాట్సాప్ పనిచెయ్యదు, ఇక్కడివాళ్లు వాడే వీచాట్ మన దేశంలో నడవదు, అందుకే కుదరడం లేదేమోనని అమ్మకు సర్దిచెబుతున్నాను. మామూలు ఫోన్ మోగుతుంది కదండీ అంటుంది తను. దానికి నా దగ్గర జవాబు లేదు. సరే, విశేషాలన్నీ ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. అక్క దీన్ని ఫోటోలు తీసి ఈమెయిల్‌లో పంపుతుంది. సూరిబాబు మామయ్య ఫోన్ చేసి ఏదో చెప్పాడు. ఆ సంగతి తర్వాత.

ఈ ఊళ్లో ఎండలు మన రామచంద్రపురం ఎండల్ని మించిపోయాయి. పొద్దున్నే వీధుల్లో నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ అమ్ముతారు. అమ్మకు అవి బాగా నచ్చాయి. నువ్వు పొద్దున ఏం తింటున్నావు? టీ, బిస్కెట్లతో సరిపెట్టకు.

మొన్న బావగారు ఈస్ట్ లేక్ పక్కనున్న హుబేయ్ మ్యూజియానికి తీసుకెళ్లారు. అక్కడ 2,400 ఏళ్ల నాటి కంచు గంటలు 65 ఉన్నాయి. జనమంతా వాటి చుట్టూనే. అమ్మ కూడా అక్కడే ఉండిపోయింది. నా కాళ్లు మాత్రం వెదురు బద్దల దగ్గర ఆగిపోయాయి. కాగితం వాడుకలోకి రాకముందు వీళ్ల రాతకోతలు ఎక్కువగా వెదురు బద్దల మీదే, చెక్క పలకల మీదే. 1975 డిసెంబరులో, ఈ రాష్ట్రంలోనే యున్‌మెంగ్ దగ్గర షుయ్‌హుదీ అనే చోట ఒక గుమాస్తా సమాధి బయటపడింది. పేరు షీ. శవపేటికలో అతని చుట్టూ 1,155 బద్దలు పేర్చి ఉన్నాయి. ఎక్కువభాగం ఆ కాలపు చిన్ అనే రాజ్యపు చట్టాలు, విచారణ ఎలా జరపాలి, వాంగ్మూలం ఎలా రాసుకోవాలి, ఇలాంటివి. ఒక కట్టలో మాత్రం ఏటేటా జరిగిన యుద్ధాల జాబితా ఉంది. ఆ యుద్ధాల మధ్యనే తను పుట్టిన ఏడు, కొలువులో చేరిన ఏడు, తల్లీ తండ్రీ పోయిన ఏళ్లు, బిడ్డలు పుట్టిన ఏళ్లు రాసుకున్నాడు. రిజిస్ట్రారాఫీసు అరుగు మీద జీవితమంతా దస్తావేజులు రాసిన నాకు ఆ గుమాస్తా మన మనిషే అనిపించాడు.

మ్యూజియం దగ్గర్లోనే ఈ రాత నేర్పించే చిన్న గది ఒకటి ఉంది. చెప్పే అమ్మాయికి నీ ఈడే ఉంటుంది. అక్క పక్కన కూర్చుని ఆమె మాటలు తెలుగులో చెప్పింది. పచ్చి వెదురును చీల్చి, నిప్పు సెగ మీద కాచి, లోపలి నీరంతా చెమటలా బయటికి వచ్చేదాకా ఆరబెట్టి, పైనున్న ఆకుపచ్చ పొర గీకేస్తారట. అలా చెయ్యకపోతే పురుగు పడుతుంది, సిరా పట్టదు. మన సందూకంలో ఉన్న తాతగారి జాతకం తాటాకు గుర్తుందా? దాని మీద గంటంతో గీసి, గీతల్లో మసి పులిమారు. వీళ్లు గియ్యరు, కుంచెతోనే రాస్తారు. రాసేవాడి దగ్గర చిన్న చాకు ఉండేదట గానీ, అది తప్పు పడిన అక్షరాన్ని గీకెయ్యడానికి. మన దస్తావేజులో ఒక్క మాట కొట్టేసినా, ఫలానా పంక్తిలో కొట్టివేత ఒకటి అని చివర రాసి సంతకం పెట్టించాలి. వాళ్లకు ఆ బాధ లేదు.

బద్ద పొడవు దాదాపు 23 సెంటీమీటర్లు, వెడల్పు సెంటీమీటరు కూడా లేదు. ఎడమచేత్తో నిలువుగా పట్టుకుని, కుడిచేత్తో కుంచె పట్టుకుని పైనుంచి కిందికి రాయాలి. బల్ల మీద పెట్టకూడదంది ఆ అమ్మాయి. సిరా రాతి మీద ఆమే అరగదీసి ఇచ్చింది. కాగితం పీల్చినట్టు వెదురు సిరాను పీల్చదు. కుంచెలో ఒక్క బొట్టు ఎక్కువైనా, ఆ బొట్టు నార వెంబడే పైకీ కిందికీ పాకిపోతుంది. అడ్డగీత గీస్తే కుంచె మొన ఒక్కొక్క నార మీద టకటకా తగులుతుంది. నిలువుగీత మాత్రం దానంతటదే సాఫీగా జారిపోతుంది. ఆ పాతకాలపు రాతల్లో కొన్ని అక్షరాల తోకలు అంత పొడుగ్గా ఎందుకుంటాయో చేత్తో రాస్తే తెలిసింది. ఊపిరి బిగబట్టి రాస్తుంటే పక్కనుంచి అమ్మ, కాస్త నీళ్లు తాగండి అంటూనే ఉంది.

నేను రాసింది నాలుగు అక్షరాలు: మూ, వూ, యాంగ్, యె. అమ్మ క్షేమమేనా అని దానర్థం. దీని వెనక పెద్ద కథ ఉంది, తీరిగ్గా చదువు.

షుయ్‌హుదీలోనే మరో సమాధిలో రెండు చెక్క పలకలు దొరికాయి. క్రీ.పూ. 223 ప్రాంతంలో ఇద్దరు అన్నదమ్ములు, హెయ్‌ఫు, జింగ్, సైన్యం నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు అవి. చైనాలో ఇప్పటిదాకా దొరికిన ఇంటి ఉత్తరాల్లో అన్నిటికంటే పాతవి. ఇంటి దగ్గర ఝోంగ్ అనే అన్న ఉన్నాడు. పలకలు దొరికిన సమాధి ఆయనదేనని పండితుల అభిప్రాయం. హెయ్‌ఫు మొదటి మాటే, అన్నకు రెండుసార్లు మొక్కి, అమ్మ క్షేమమేనా అని అడగడం. తర్వాత, మేమిద్దరం కొంతకాలం విడిపోయాం, మళ్లీ కలిశాం అని చెబుతాడు. అసలు సంగతికి వస్తాడు: అమ్మా, నాకు డబ్బు పంపు, ఎండాకాలం బట్టలు పంపు. మన ఆన్‌లూలో పట్టుగుడ్డ చవగ్గా ఉంటే నువ్వే కుట్టించి డబ్బుతో కలిపి పంపు. ధర ఎక్కువగా ఉంటే ఒట్టి డబ్బే పంపు, ఇక్కడ నేను కుట్టించుకుంటాను. మేం హువాయ్‌యాంగ్ అనే ఊరి మీద పడి చాలా రోజులైంది, దెబ్బలు తగులుతాయో లేదో చెప్పలేం, కాబట్టి అమ్మ పంపే ఖర్చు డబ్బు తక్కువ కాకుండా చూడాలి. పలక రెండు వైపులా రాశాడు. అత్తలనీ చుట్టాలనీ పేరు పేరునా అడిగాడు, ఉత్తరం అందగానే జవాబు రాయమన్నాడు.

జింగ్ రాసింది ఇంకా తొందరగా ఉంది. ఐదారువందల నాణేలు కావాలి, గుడ్డ కావాలి అంటాడు. ఎవరి దగ్గరో అప్పు తీసుకుని వాడేశాను, ఇంటినుంచి పంపకపోతే చచ్చిపోతాను అంటాడు. ఆ వెంటనే 'త్వరగా' అన్న మాట మూడుసార్లు రాశాడు. అంత ఇబ్బందిలోనూ కొత్త కోడలు పెద్దల్ని బాగా చూసుకోవాలని చెప్పడం మర్చిపోలేదు. యుద్ధంలో ఉన్న కుర్రాడు, వాసూ. అప్పు చేశానని ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడలేదు. ఆ ఉత్తరాన్ని ఆ ఇంట్లోవాళ్లు సమాధిలో కూడా తోడుగా పెట్టుకున్నారు. అక్క ఆ అర్థమంతా చదివి చెబుతుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది. మరి ఆ డబ్బు పంపారా అని అడిగింది. జవాబు ఉత్తరం దొరకలేదు.

ఇప్పుడు మామయ్య సంగతి. శ్యామల పెళ్లి శుభలేఖ ఇద్దామని మియాపూర్‌లో నీ రూముకు వెళ్లాడట. నువ్వు లేవట. నీతో ఉండే అబ్బాయి, వాసు ఉద్యోగం మానేశాడండీ, వేరే చూసుకుంటున్నాడు అన్నాడట. మామయ్య మాటలు నీకు తెలుసు కదా, సగానికి సగం కోసెయ్యాలి. నేను నమ్మానని కాదు, కాదనీ కాదు. నిన్ను నిలదియ్యడానికీ రాయడం లేదు.

మానేసి ఉంటే మాత్రం కొన్ని పనులు ఉన్నాయి, జాగ్రత్తగా విను. రిలీవింగ్ లెటర్ తప్పకుండా తీసుకో, నోటి మాట నమ్మకు. పీఎఫ్ డబ్బు ముట్టుకోకు, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకో. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే ఆగిపోతుంది, కాబట్టి సొంతంగా ఒకటి కట్టు. ఫోన్లో లోన్ ఇచ్చే యాప్‌ల జోలికి వెళ్లొద్దు, ఎంత అవసరమైనా వెళ్లొద్దు. ఆ వడ్డీల్లో మునిగి, ఉన్న ఇల్లు అమ్ముకుంటున్న వాళ్ల దస్తావేజులు నా చేత్తోనే రాశాను. రాత్రి త్వరగా పడుకో. బండి మీద వెళ్తే హెల్మెట్ పెట్టుకో. చుట్టాలు అడిగితే ఏం చెప్పాలా అని టెన్షన్ పడకు, అది నేను చూసుకుంటాను.

మానెయ్యకపోతే ఇదంతా వదిలెయ్. కానీ ఏది నిజమో రాయి. ఎక్కువ అక్కర్లేదు, ఉద్యోగం ఉంది, లేదు, ఈ రెంటిలో ఒకటి రాసినా చాలు.

వచ్చే నెల మొదటివారంలో తిరుగు ప్రయాణం. అమ్మ నీకోసం రెండు చొక్కాలు తీసింది, కాలర్ 40 పెట్టించింది. చిక్కి ఉంటావేమో, 38 తియ్యాల్సిందేమో అని రోజూ అడుగుతోంది, కొలత చెప్పు. నీ పాత బ్యాంకు ఖాతా ఇంకా నడుస్తోందా, లేక కంపెనీవాళ్లు తెరిచిన ఖాతా ఒక్కటే ఉందా? అక్క రేపు బ్యాంకు పని మీద కూర్చుంటుంది, నంబరు ఆలోగా పంపు.

నాన్న