ఇంగ్లండ్‌లో ఇంటి డిపాజిట్: 30 రోజుల్లో కాగితం రాకపోతే పరిహారం అడగొచ్చు

సంపాదకులకు,

సెప్టెంబరు, జనవరి ఇన్‌టేక్‌లకు ఇంగ్లండ్ వెళ్లే మన పిల్లలు దిగిన కొద్ది రోజుల్లోనే ఇంటికి డిపాజిట్ కడతారు. నెలకు 1,000 పౌండ్ల అద్దె ఇంటికైతే అది 1,153 పౌండ్ల దాకా ఉంటుంది. మన డబ్బులో లక్షకు పైనే. చదువైపోయి ఖాళీ చేసేరోజు ‘కార్పెట్ పాడైంది, గోడకు మరకలున్నాయి’ అని ఓనర్ సగం కోసుకున్నా, అసలే ఇవ్వకపోయినా నోరు మెదపకుండా వచ్చేస్తున్నారు. హైదరాబాద్‌లో పెయింటింగ్ కింద అడ్వాన్స్‌లో నెల అద్దె పట్టుకోవడం చూసి ఉన్నాం కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుంటాం. కానే కాదు. అక్కడ డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన స్కీములో నమోదు చేయకుండా దగ్గర పెట్టుకోవడమే చట్టవిరుద్ధం.

2004 నాటి హౌసింగ్ చట్టం కింద 2007 ఏప్రిల్ 6 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. స్కీములు మూడే: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. డబ్బు అందిన 30 రోజుల్లోపు ఓనర్ రెండు పనులు చేయాలి. ఒకటి, వీటిలో ఏదో ఒకదానిలో నమోదు చేయాలి. రెండు, ఆ వివరాలు అద్దెదారుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంటి చిరునామా, డిపాజిట్ మొత్తం, ఓనర్‌ను, స్కీమును ఎలా సంప్రదించాలి, దేనికి కోత పెట్టవచ్చు, తగువొస్తే ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. నమోదు చేసి కాగితం ఇవ్వకపోయినా తప్పే, 31వ రోజు నమోదు చేసినా తప్పే. తప్పు రుజువైతే డిపాజిట్ సంగతి తేల్చడంతో పాటు, దానికి కనీసం ఒక రెట్టు, గరిష్ఠంగా మూడు రెట్లు అద్దెదారుకు చెల్లించమని కౌంటీ కోర్టు (అక్కడి స్థానిక సివిల్ కోర్టు) ఆదేశించాలి. పైన చెప్పిన ఇంటికి అది 1,153 నుంచి 3,461 పౌండ్లు. ఎన్ని రెట్లన్నది జడ్జి చేతిలో ఉంటుంది. తెలియక పొరపాటు చేసిన, ఒక్క ఇల్లే ఉన్న ఓనరుకు తక్కువ పడొచ్చు, అద్దెల వ్యాపారమే చేసేవారికి ఎక్కువ పడొచ్చు. దావా వేస్తారని భయపడి డిపాజిట్ వెనక్కిచ్చేసినంత మాత్రాన ఈ బాధ్యత పోదు. ఇది చాలామందికి తెలియదు.

ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదని 2019 జూన్ 1 నుంచి చట్టం ఉంది. లెక్క సులువే: నెల అద్దెను 12తో హెచ్చించి, 52తో భాగించి, 5తో హెచ్చించాలి. ముందుగా కట్టించుకునే అద్దె డిపాజిట్ కిందికి రాదు. దాన్నీ దీన్నీ కలిపి ఒకే మొత్తంగా పంపితే తర్వాత విడదీసి చూపించడం కష్టం. రెండు ట్రాన్స్‌ఫర్లుగా పంపి, రిఫరెన్సులో ‘డిపాజిట్’ అనీ ఇంటి నంబరూ రాయడం మేలు.

నమోదైందో లేదో మూడు స్కీముల వెబ్‌సైట్లలోనూ ఉచితంగా చూసుకోవచ్చు. ఇంటిపేరు, పోస్ట్‌కోడ్, అద్దె మొదలైన తేదీ, డిపాజిట్ మొత్తం లాంటివి అడుగుతాయి. మనవాళ్లకు చిక్కంతా పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లున్నారు. ఇంటిపేరు ఉన్నా, ఏజెంటు సొంత పేరును ఇంటిపేరుగా ఎక్కించి ఉండొచ్చు. ఒకే అగ్రిమెంటుపై నలుగురుంటే మొదటివారి పేరుతోనే నమోదై ఉండొచ్చు. అందుకే ఒక్కసారి వెతికి ‘లేదు’ అని వచ్చిందని తేల్చేయకూడదు. పేర్లు అటూ ఇటూ మార్చి వెతకాలి. అప్పటికీ దొరక్కపోతే మూడు స్కీములకూ ఈమెయిల్ రాసి జవాబు తెప్పించుకోవాలి. కోర్టులో ఆ జవాబులే సాక్ష్యం.

ఇక మనవాళ్లు ఎక్కువగా హక్కు పోగొట్టుకునే చోటు. వాట్సాప్ గ్రూపులో ‘రూమ్ ఖాళీ’ అని చూసి, ముందే ఆ ఇంట్లో ఉంటున్న మరో తెలుగు విద్యార్థికి డిపాజిట్ కడతారు. ఇల్లు అతని పేరున ఉంటుంది, అతనూ అదే ఇంట్లో ఉంటాడు. అలాంటప్పుడు కొత్తగా చేరినవారిని మామూలుగా లాడ్జర్‌గానే (ఇల్లు ఇచ్చినవారితో కలిసి అదే ఇంట్లో గది తీసుకుని ఉండేవారిగానే) చూస్తారు, ఈ డిపాజిట్ చట్టం వారికి వర్తించదు. ఓనర్ కూడా ఉంటున్న ఇంట్లో గది తీసుకున్నా అంతే. యూనివర్సిటీ సొంత హాస్టళ్లకూ ఇది లేదు. డబ్బు వెనక్కి రాకపోతే మామూలు బాకీలాగా దావా వేసుకోవాల్సిందే, రెట్లు ఉండవు. పైగా గది ఇచ్చే ఆ విద్యార్థులు ‘మా నాన్న ఖాతాలో రూపాయలు వేయించు, ఇక్కడ నేను పౌండ్లలో కట్టేస్తా’ అంటారు. అలా చేస్తే కరీంనగర్ నుంచి గుంటూరుకు పోయిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒకటే చేతిలో మిగులుతుంది. అది లెస్టర్‌లోని ఏ ఇంటి డిపాజిట్టో అందులో ఎక్కడా ఉండదు. అగ్రిమెంటులో పేరు లేకుండా డిపాజిట్ పంపకండి అని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతున్నాం.

అగ్రిమెంటు పిల్లల పేరున ఉండి, వారి తరఫున తండ్రి సొంత ఖాతా నుంచి డిపాజిట్ కడితే ఆయనకూ ఆ వివరాల కాగితం అందాలి. అందకపోతే కోర్టుకు వెళ్లే హక్కు ఆయనకూ ఉంది. హౌసింగ్ చట్టం 213, 214 సెక్షన్లలో ఈ మాట స్పష్టంగా ఉంది.

దావాకు ముందు ఓనరుకు లేఖ రాయాలి. ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాకు కట్టామో, 30 రోజుల గడువు ఎప్పుడు ముగిసిందో, 214 సెక్షన్ కింద ఏం అడుగుతున్నామో రాసి 14 రోజులు గడువివ్వాలి. చాలా తగాదాలు ఇక్కడే రాజీ అవుతాయి. ఓనర్ ఎవరో తెలియకపోతే అద్దె వసూలు చేసే ఏజెంటును రాతపూర్వకంగా అడగండి, 21 రోజుల్లో పేరు, చిరునామా చెప్పి తీరాలి. అప్పటికీ తెగకపోతే ఫారం ఎన్208 నింపి కౌంటీ కోర్టులో వేయాలి. ఆన్‌లైన్‌లో మామూలు బాకీలకు వాడే మనీ క్లెయిమ్ దీనికి పనికిరాదు, ఆ దారిన వెళ్లి ఫీజు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఉమ్మడి అగ్రిమెంటైతే అందులోని వారందరూ కలిసి వేయాలి. ఆదాయం తక్కువైతే ఫీజు మినహాయింపుకు ఇఎక్స్160 ఫారం ఉంది. ఓడితే ఖర్చులు మీద పడే ప్రమాదమూ ఉంది కనుక ముందు ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ అనే స్వచ్ఛంద సంస్థల్లోనో, యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లోనో కాగితాలు చూపించాలి. ఇది సివిల్ దావా, వీసాకు దీనితో సంబంధం లేదు. ఆ భయంతోనే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు.

ఇంగ్లండ్‌లో ఆరేళ్ల దాకా గడువుంది, ఇల్లు ఖాళీ చేశాక కూడా వేయొచ్చు. గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్ వెళ్లినవారికి మాత్రం స్కాట్లాండ్ చట్టం వేరు. అక్కడ నమోదుకు 30 పనిదినాలు. దరఖాస్తు కోర్టుకు కాదు, ఇలాంటి అద్దె తగాదాలు విచారించే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు, ఫీజు లేదు. గరిష్ఠం అక్కడా మూడు రెట్లే, కానీ కనీసం ఇంత అని లేదు. అద్దె ఒప్పందం ముగిసిన మూడు నెలల్లోపు వేయాలి, అది దాటితే ఎంత బలమైన కేసైనా చెల్లదు.

మీ విద్యా పేజీలో ఇన్‌టేక్‌ల ముందు వీసా, ఫీజుల వివరాలతో పాటు ఈ మూడు స్కీముల పేర్లు, 30 రోజుల గడువు, స్కాట్లాండ్ మూడు నెలల గడువు ఒక బాక్సులో ప్రచురించాలని కోరుతున్నాం.

ఇట్లు,
విద్యార్థుల అద్దె తగాదాల్లో సాయపడే పాఠకులు,
లెస్టర్, ఇంగ్లండ్