స్త్రీ అధ్యయనాల ఫెలోషిప్‌లు నల్లగొండ, పాలమూరుకు అందాలంటే

సంపాదకుడికి,

స్త్రీ అధ్యయనాలు, జెండర్ అధ్యయనాలు అనగానే అవి హైదరాబాద్ యూనివర్సిటీల వాళ్ల వ్యవహారమని మన దగ్గర చాలామంది అనుకుంటారు. ఆ పరిశోధనకు కావలసిన విషయం మాత్రం నల్లగొండ, పాలమూరు పల్లెల్లోనే దండిగా ఉంది. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి మగ్గాల ఇళ్లలో నేతకు ముందు నూలు సిద్ధం చేసేది, అంటే కండెలు చుట్టేది, ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్లే. కూలి లెక్కలోకి వచ్చేది మాత్రం మగ్గం మీద కూర్చున్న మనిషి పేరు. ఆడపిల్లలను దేవుడికి ఇచ్చామని చెప్పి ఊరి మగవాళ్ల పాలు చేసే జోగినీ ఆచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది. ఆ బతుకు మోసిన స్త్రీలు, తండ్రి పేరు రాయమన్న గడి దగ్గర ఆగిపోయిన వాళ్ల పిల్లలు మన మధ్యే ఉన్నారు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిన తల్లులు, పుణె, ముంబైలకు కూలికి పోయిన ఇంటివాళ్లతో పాటు వెళ్లి బడి మానేసిన ఆడపిల్లలు, వీళ్ల గురించి మన అమ్మాయిలు కాక ఎవరు రాస్తారు? తెలంగాణ సాయుధ పోరాటంలో ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం పేర్లు చరిత్రకెక్కాయి. దళాలకు అన్నం మోసినవాళ్ల పేర్లు, కబుర్లు చేరవేసినవాళ్ల పేర్లు చాలావరకు ఎక్కలేదు. 1948లో పదిహేనేళ్లున్న పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి. ఈ పనిని ఇంకో పదేళ్లు ఆపడానికి వీల్లేదు.

దీనికి ఫెలోషిప్‌లు, అంటే పరిశోధించేవారికి నెలనెలా ఇచ్చే డబ్బు, లేవనడం సరికాదు. యూనివర్సిటీల్లో పరిశోధనకు, బోధనకు అర్హత తేల్చే యూజీసీ నెట్ పరీక్షలో స్త్రీ అధ్యయనాలు ప్రత్యేక సబ్జెక్టు, కోడ్ 74. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా రూ.42,000. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు గానీ స్త్రీలకు, థర్డ్ జెండర్ వారికి, రిజర్వుడు వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు పరిమితే లేదు. పెళ్లయి పిల్లలు బడికి వెళ్లాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క ఆడపిల్లకు, కవల ఆడపిల్లలకు సావిత్రీబాయి ఫూలే పేరిట యూజీసీ ఫెలోషిప్ ఉంది. దానికి పీహెచ్‌డీ ఫుల్‌టైమ్ అయి ఉండాలి. పార్ట్‌టైమ్, దూరవిద్య పనికిరావు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాసి, తహసీల్దార్ హోదాకు తగ్గని అధికారితో ధ్రువీకరణ తీసుకోవాలి. పీహెచ్‌డీలో చేరి ఎంపికైనవారికి సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) నెలకు రూ.20,000 ఇస్తుంది. ఉర్దూ మీడియంలో చదివిన మహబూబ్‌నగర్ అమ్మాయిలకు గచ్చిబౌలి మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో స్త్రీ అధ్యయనాల ఎంఏ ఉంది. ఊరు దాటలేనివారికి దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో ఉంది.

మరి ఎక్కడ తెగుతోంది? విషయం దగ్గర కాదు, తెలివి దగ్గర అంతకన్నా కాదు. కాగితం దగ్గర, తేదీ దగ్గర, ప్రతిపాదన రాసే తీరు దగ్గర.

ముందు కాగితాలు. దరఖాస్తులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఎక్కుతుంది, మెమోలో పుట్టింటి పేరే ఉంటుంది. మగపిల్లలకు రాని ఈ చిక్కు మన అమ్మాయిలకు చివరి రోజున ఎదురవుతుంది. ఆధార్ సవరణకు, వివాహ ధ్రువపత్రానికి వారాలు పడతాయి కాబట్టి ప్రకటన రాకముందే సరిచేసుకోవాలి. రెండోది బీసీ పత్రం. మీసేవలో ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ కేంద్ర ఫెలోషిప్‌లకు చెల్లదు. కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదు) అని రాసి ఉన్న ఓబీసీ పత్రం వేరే తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలూ ఉన్నాయి, అది ముందే చూసుకోవాలి. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక్క ఆర్థిక సంవత్సరానికే పనికొస్తుంది. మూడోది దరఖాస్తును పంపుతూ యూనివర్సిటీ ఇచ్చే ఫార్వర్డింగ్ లేఖ. గైడ్ సంతకం, విభాగాధిపతి సంతకం, రిజిస్ట్రార్ ముద్ర, ఈ మూడింటి మధ్య ఫైలు తిరుగుతుండగానే గడువు ముగుస్తుంది.

ప్రతిపాదన విషయానికి వస్తే, ఎక్కువ దరఖాస్తులు శీర్షిక దగ్గరే పోతాయి. ‘తెలంగాణలో మహిళల స్థితిగతులు’ అని రాస్తే చదివే కమిటీకి అందులో ప్రశ్న కనిపించదు. ‘నారాయణపేట చీర తయారీలో మగ్గం ఎక్కకముందు జరిగే పని ఎవరు చేస్తారు, ఎన్ని గంటలు చేస్తారు, ఆ కూలి ఎవరి చేతికి వస్తుంది’ అంటే అది ప్రశ్న. ఎన్ని ఊళ్లు, ఏ ఊళ్లు, ఎంతమందితో మాట్లాడతారు, ఆ ఊళ్లే ఎందుకు అన్నది ఒక పేజీలో రావాలి. అంతకుముందు ఎవరేం రాశారో తెలియకపోతే ఉన్నదే మళ్లీ రాసినట్టవుతుంది. అందుకు 1985 నుంచి పనిచేస్తున్న హైదరాబాద్‌లోని స్త్రీల పరిశోధన కేంద్రం అన్వేషి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. ఒక్కరోజు పోయి రావడం చాలదు, బస ఖర్చు బడ్జెట్‌లో పెట్టుకోవాలి.

కాలపట్టిక విషయంలో బయటివాళ్లు చేసే పొరపాటే మనవాళ్లూ చేస్తున్నారు. జూలై, ఆగస్టులో నాట్ల మీద ఉన్న ఆడవాళ్లతో గంటసేపు కూర్చోవడం కుదరదు. వలస కుటుంబాల మీద పనైతే దీపావళి తర్వాత ఊళ్లో ముసలివాళ్లే మిగులుతారు, తొలకరికి గాని మిగతావాళ్లు తిరిగిరారు. ఏ పని ఏ నెలలో జరుగుతుందో ఇలా వ్యవసాయాన్ని బట్టి రాస్తే, రాసింది ఊరు తెలిసిన మనిషి అని కమిటీకి అర్థమవుతుంది.

బడ్జెట్‌లో దాదాపు అందరూ మరిచిపోయేది రికార్డింగును కాగితం మీద పెట్టే పని. ఒక గంట మాటను రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. లంబాడీ మాటలైతే రాసి, ఆపై తెలుగు చేయడానికి ఇంకా ఎక్కువ. దీనికి పైసా పెట్టుకోకపోతే రెండో ఏడాది కూడా పాత క్యాసెట్లలాగే ఫోన్‌లో ఫైళ్లు పడి ఉంటాయి. మాట్లాడే మనిషి అనుమతిని తెలుగులోనే తీసుకోవాలి, చదవడం రానివారికి చదివి వినిపించి గొంతు రికార్డు చేయాలి. పేరు వేయాలా వద్దా, రికార్డింగు ఎవరి దగ్గర ఉంటుంది, మధ్యలో వద్దంటే తీసేస్తారా అన్నవి రాసి ఉండాలి. జోగినులు, హింస చూసినవాళ్లు మాట్లాడేటప్పుడు ఇంటి మగవాళ్లు పక్కన కూర్చుంటే ఆ మాట వేరేగా వస్తుంది. ఒక్క సంభాషణ వల్ల ఆమె ఊళ్లో నలుగురి నోళ్లలో పడితే ఏ డిగ్రీ ఆ నష్టాన్ని పూడ్చదు.

కళాకారుల సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్లవారికి రెండేళ్లపాటు నెలకు రూ.5,000 స్కాలర్‌షిప్, 25 నుంచి 40 ఏళ్లవారికి రూ.10,000 జూనియర్ ఫెలోషిప్, 40 దాటినవారికి రూ.20,000 సీనియర్ ఫెలోషిప్ ఇస్తుంది. వీటిని ఆ శాఖ కింద పనిచేసే సంస్థ సీసీఆర్‌టీ నడుపుతుంది, హైదరాబాద్‌లోనే దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫెలోషిప్ డబ్బు ఆరు నెలలకోసారి వస్తుంది, నివేదిక ఇస్తేనే తర్వాతి విడత. చిన్నవాళ్ల స్కాలర్‌షిప్‌కు కనీసం ఐదేళ్లు నేర్చుకున్నట్టు గురువు సంతకం కావాలి. కథాగానంలో తల్లి వెనక నిలబడి వంత పాడుతూ నేర్చుకున్న పిల్లకు తాను నేర్చుకున్నది శిక్షణ కిందికి వస్తుందన్న ఆలోచనే ఉండదు. పెద్ద కళాకారులు ఆ కాగితం రాసివ్వడానికి ముందుకు రావాలి. కళలకు సాయం చేసే బెంగళూరు సంస్థ ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఏ భారతీయ భాషలో ప్రతిపాదన పంపినా తీసుకుంటుంది. మన జిల్లాల కళాకారిణులు ముందు తట్టవలసిన తలుపు అదే అని నా అభిప్రాయం.

నెట్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన అమ్మాయి విషయం తెలిసి కూడా పదజాలం దగ్గర మార్కులు పోగొట్టుకుంటుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి 150 ప్రశ్నల్లో ఒక్కటీ వదలకూడదని కూడా చాలామందికి తెలియదు.

ఇంకొక నిబంధన గురించి మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. దళితులు, సంచార జాతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవారి పిల్లల విదేశీ చదువుకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. అదే పథకంలో 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు డబ్బు ఇవ్వబోమని చేర్చారు. అంటే పాలమూరు దళిత అమ్మాయి జోగినీ ఆచారం మీద బయటి యూనివర్సిటీలో పరిశోధన చేస్తానంటే ఆ తలుపు మూసేసినట్టే. రాష్ట్రం ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధిలో రూ.20 లక్షల వరకు సాయం ఉంది, సామాజిక శాస్త్రాలకూ వర్తిస్తుంది. అయినా అది కేంద్రం చేసిన తప్పుకు జవాబు కాదు.

పీహెచ్‌డీ మధ్యలో మానేస్తున్న ఆడపిల్లలకు 2022 యూజీసీ నిబంధనలు చదివి వినిపించాలి. ప్రసూతికి, పిల్లల పెంపకానికి మొత్తం 240 రోజుల సెలవు ఉంది. ఆరేళ్ల గడువు, పునర్నమోదుతో మరో రెండేళ్లు దాటాక కూడా స్త్రీలకు ఇంకో రెండేళ్లు ఇవ్వవచ్చు. ఇది గైడ్ దయతో ఇచ్చేది కాదు.

అన్నెపర్తిలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీని, బండమీదిపల్లిలోని పాలమూరు యూనివర్సిటీని కోరేది ఒక్కటే. చెరొక గది, చెరొక మనిషి. ఆ మనిషి వచ్చిన ప్రకటనను తెలుగులో ఒక పేజీగా రాసి అన్ని కాలేజీలకు, జిల్లా గ్రంథాలయాలకు పంపాలి. దరఖాస్తు వేసేముందు కాగితాలు సరిచూడాలి. ఫార్వర్డింగ్ లేఖ వారంలో ఇప్పించాలి. యూనివర్సిటీలో చదవని కళాకారిణి వచ్చినా వెనక్కి పంపకూడదు. నెట్ ప్రకటన ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబర్ పరీక్షలకు వస్తుంది. మీ పత్రిక జిల్లా పేజీల్లో ఆ ప్రకటనతోపాటు స్త్రీ అధ్యయనాల కోడ్, కావలసిన పత్రాల జాబితా, ఆఖరు తేదీ వెలువడిన వారంలోనే వేయవలసిందిగా మనవి.

– ఒక అధ్యాపకురాలు, నల్లగొండ